నేను నకిలీ అన్న చీమ

వ్యవసాయ కీటకశాస్త్రం చదివి ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, అసలు ఈ ఉద్యోగంలో ఏం చేయాలండీ?" అని అడుగుతుంటారు. ప్రమోషన్లు, బదిలీలు, రిపోర్టుల సంగతి వాళ్లకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒకటే. ఈ ఉద్యోగం అంటే వంగడం. పురుగు ఉండేది ఆకు వెనక. వంగి, ఆకు తిప్పి, చూసి, పేరు చెప్పాలి. పేరు తప్పితే మందు తప్పుతుంది. మందు తప్పితే ఒక ఇంటికి ఆ ఏడాది పంట తప్పుతుంది.

గుంటూరు దగ్గర ఒక పరిశోధన స్థానంలో నా సర్వీసంతా గడిచింది. పత్తి, మిరప చేలల్లో తిరిగినంతగా మా వీధిలో తిరగలేదు. మంచి ఉద్యోగం చేశానన్న గర్వం నాకుంది. దాన్ని దాచుకోను. అయితే నేను నేర్చుకున్న వాటిలో ఎక్కువ భాగం పొరపాట్లు చేసి నేర్చుకున్నవే. వాటిని వదిలేసి మిగతాది రాస్తే కొత్తవాళ్లకు పనికొచ్చేదేమీ మిగలదు.

జీపు దిగకుండా చెప్పిన పేరు

నేను చేరిన కొత్తలో మా పైఅధికారి ఒకాయన ఉండేవారు. అందరం పెద్దసారు అనేవాళ్లం. మెడలో నల్లతాడుకు భూతద్దం వేలాడుతుండేది. భోజనం చేసేటప్పుడు కూడా తీసేవారు కాదు. సాంబారులో మునిగితే తుడుచుకుని మళ్లీ వేసుకునేవారు. "పురుగు పేరు పురుగునే అడగవయ్యా, పుస్తకాన్ని తర్వాత అడుగుదువుగాని" అనేవారు. నాకు అప్పుడే పీజీ పట్టా వచ్చింది. పుస్తకం మొత్తం నోటికి వచ్చు. పురుగును అడగాల్సిన అవసరం ఏముందనిపించేది.

అద్దంకి వైపు ఒక మిరప చేనుకు వెళ్లాం. మిట్టమధ్యాహ్నం. కోటయ్యగారనే రైతు తలకు తువ్వాలు చుట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఆకులు ముడుచుకుపోతన్నయ్ సార్. ఒకసారి దిగి చూడండి."

నేను జీపులో కూర్చునే చూశాను. "పై ముడత. తామర పురుగు" అని మందు పేరు రాసి ఇచ్చేశాను.

మిరపలో ముడతలు రెండు రకాలు. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే పై ముడత. అది తామర పురుగు పని. అంచులు కిందికి వంగి పడవను బోర్లించినట్టయితే కింది ముడత. అది నల్లి పని. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. ఎండలో, జీపులోంచి, రెండూ ఒకేలా కనిపిస్తాయి. కోటయ్యగారి చేలో ఉన్నది నల్లి. నేను రాసిచ్చిన మందు ఆయన శ్రద్ధగా రెండుసార్లు కొట్టాడు. మళ్లీ మేం వెళ్లేసరికి చేను చేతికి రాకుండా పోయింది.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మీరు పెద్ద చదువులు చదివారు, కాదన్ను. కానీ జీపు దిగితే తెలిసేదిగా సార్" అన్నాడు.

పెద్దసారుకు చెబితే ఆయన కూడా తిట్టలేదు. "ఇప్పుడు వెళ్లి భూతద్దం కొనుక్కో" అన్నారు. కొనుక్కున్నాను. ఆ తర్వాత ఏ చేనుకు వెళ్లినా జీపు దిగకుండా పేరు చెప్పలేదు. జీపుకూ అహంకారానికీ తేడా ఉందని, ఒకటి దిగితే రెండోది దిగినట్టు కాదని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

చీమల డాక్టరు

పత్తి చేలో గండుచీమలు బారు కట్టి మొక్క ఎక్కుతున్నాయంటే పైన పేనుబంక ఉన్నట్టే. పేనుబంక ఆకు రసం పీల్చి తీపి జిగురు వదులుతుంది. ఆ జిగురు కోసం చీమ వస్తుంది. జిగురు ఇచ్చే పురుగును కాపు కాస్తుంది, దాని మీదికి వచ్చే శత్రువుల్ని తరుముతుంది. మన పశువుల కాపరి చేసే పనే. మొదట్లో నేను చీమల్ని దారి చూపే గుర్తులుగా మాత్రమే చూశాను. తర్వాత వాటి మీదే మనసు పడింది. ఏ చేనుకు వెళ్లినా పని అయ్యాక నాలుగు చీమల్ని స్పిరిట్ సీసాలో వేసుకుని వచ్చేవాణ్ని. పొన్నూరు వరి గట్ల మీదివి, మార్టూరు రాతి క్వారీల దగ్గరివి, అద్దంకిలో పొగాకు కాల్చే బ్యారన్ల వెనకవి. ఒక్కొక్కదాన్ని సూదికి గుచ్చి, ఊరు పేరు రాసి, గాజుమూత పెట్టెల్లో పెట్టాను.

ఆఫీసులో నన్ను చీమల డాక్టరు అనేవాళ్లు. మా హెడ్డు పేనుబంక మీద పేరున్న మనిషి, మంచి పనిమంతుడు, నోరు మాత్రం దురుసు. "ఏం మాష్టారూ, మీ పెట్టెలో పంచదార పెట్టారా, ఇన్నొచ్చాయి?" అనేవాడు. మన సంస్థల్లో పంటను తినే పురుగుకే మర్యాద. పంటను తినని పురుగు మీద పనిచేసేవాణ్ని సెలవులో ఉన్నవాడిలా చూస్తారు. ఇది తప్పు. ఈ మైదానంలో ఏయే చీమలున్నాయో అడిగితే ఇవాళ ఆ పెట్టెలు తెరిచి చూపించవచ్చు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది.

శనగబద్దంత ముక్క

ఉద్యోగం చివరి ఏళ్లలో నా దగ్గర పీహెచ్‌డీకి చేరిన అమ్మాయి ఎస్తేరు. పొన్నూరు దగ్గర పల్లె. తండ్రి వరికోతలకు వెళ్లే కూలీ, ఆదివారాలు చర్చిలో సంఘపెద్ద. ఎస్తేరుకు మాట వేగం, చెయ్యి నిదానం. చీమల పనికి సరిగ్గా కావలసిన మనిషి. మొదట పత్తి చేలలో చీమ, పేనుబంకల మీద పని పెట్టుకుంది. రెండేళ్లు వరసగా వానలు ఎగ్గొట్టి ఆ ప్రయోగం దెబ్బతింది. గడువు ఒకసారి పొడిగించారు. ఇంకోసారి ఇవ్వరని అందరికీ తెలుసు.

అప్పుడు తెచ్చింది ఒక అంబర్ ముక్క. భూగర్భశాస్త్రం చదివే స్నేహితురాలు గుజరాత్ లిగ్నైట్ బొగ్గు గనిలో ఏరి ఇచ్చిందట. శనగబద్దంత ఉంటుంది, పాత తేనె రంగు. మార్టూరు గ్రానైట్ పాలిషింగ్ షాపుల్లో వాడే సన్న ఎమరీ పేపరు తెప్పించుకుని, వారం రోజులు నీళ్లలో రుద్ది అద్దంలా చేసింది. వెలుతురుకు పట్టుకుంటే లోపల ఒక చీమ. ఆరు కాళ్లూ చక్కగా చాచి, ఇప్పుడే ఆగినట్టు ఉంది.

అంబర్ అంటే ఏమిటో తెలియనివారికి ఒక మాట. కొన్ని చెట్లు గాయమైతే జిగురు కారుస్తాయి. దానిలో పురుగు పడి, జిగురు భూమిలో కప్పబడి, కోట్ల ఏళ్లకు గట్టిపడితే అది అంబర్. మన పాత పుస్తకాల్లో తృణమణి అంటారు. బట్టకు రుద్దితే గడ్డిపోచను లాగుతుంది కాబట్టి ఆ పేరు. ఎస్తేరు దాన్ని తన చున్నీకి రుద్ది, బల్ల మీద పత్తి నూగును లాగించి చూపించింది. "చూశారా సార్, మన గుంటూరు తృణమణి దూదినే లాగుద్ది" అని నవ్వింది.

ఈ చీమ మీదే థీసిస్ రాస్తానంది. అలాంటి చీమ ఇప్పుడు భూమి మీద ఎక్కడా లేదని తన నమ్మకం. అంశం మార్చడానికి కమిటీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది, చేసిన చదువంతా పోతుంది. కమిటీ కూర్చునేది సోమవారం. ముక్క అసలుదా కాదా అన్నది తేల్చి చెప్పాల్సింది గైడుగా నేను. గురువారం ల్యాబులో కూర్చున్నాం.

గుగ్గిలం వాసన

పుస్తకాల్లో రెండు తేలిక పరీక్షలున్నాయి. సూది కాల్చి అంచుకు తాకిస్తే అసలు అంబర్ దేవదారు చెక్కలాంటి వాసన వేయాలి. క్లోరోఫాం చుక్క వేస్తే జిగటగా మారకూడదు. మారితే అది నిన్నమొన్నటి జిగురు, నకిలీ.

సూది కాల్చి, చీమకు దూరంగా ఒక మూల తాకించాను. సన్నగా పొగ లేచింది. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు ఇక ఏ పరీక్షా అక్కర్లేకపోయింది. శుక్రవారం పొద్దున మా ఇంట్లో నిప్పుల మీద వేసే గుగ్గిలం. అచ్చంగా అదే. పుట్టినప్పటి నుంచి పీల్చిన వాసన. నేనెలా పొరబడతాను?

క్లోరోఫాం చుక్క కూడా వేశాను. వేలు పెడితే అంటుకుంది.

అప్పుడే మా హెడ్డు తలుపులోంచి తొంగిచూశాడు. "ఏం మాష్టారూ, ల్యాబులో ధూపం వేస్తున్నారు? ఫండ్స్ కోసమా?"

ల్యాబ్ అటెండరు సుబ్బారావు పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, "ఎస్తేరు ముక్క నకిలీ సార్. గుగ్గిలం" అనేశాను.

"నేను ముందే అన్నా" అని ఆయన వెళ్లిపోయాడు.

ఎస్తేరు ముక్కను అరచేతిలోకి తీసుకుంది. తర్వాత అడిగింది. "సార్, గుగ్గిలం ఎక్కడ్నుంచి వస్తదండీ?"

"చెట్టు నుంచి."

"ఆ చెట్టు ఎప్పట్నుంచి ఉందండీ?"

జవాబు లేని గైడు ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. గొంతు పెంచాను. "గుగ్గిలం సంగతి నీకు తెలీదులేమ్మా. మీ ఇళ్లల్లో వెయ్యరుగా."

సుబ్బారావు నవ్వు ఆగిపోయింది. పక్క బల్ల దగ్గర ఉన్న ఇద్దరు స్కాలర్లు తల దించుకున్నారు.

ఎస్తేరు తల దించుకోలేదు. "అవునండీ, వెయ్యరు. అందుకే నాకది పూజగది వాసన రాలేదు. చెట్టు వాసనే వచ్చింది" అంది.

ఆ మాట నాకు అక్కడికక్కడే అర్థమైంది. అర్థమైనా ఒప్పుకోలేదు. "సోమవారం పత్తి టాపిక్‌తోనే రా, చూద్దాం" అని బయటికి వచ్చేశాను. పత్తి టాపిక్‌లో చూడడానికి ఏమీ మిగల్లేదని నాకు తెలుసు, తనకూ తెలుసు.

ఒక ఫోను

మర్నాడు శుక్రవారం. మా ఆవిడ ఎప్పటిలాగే నిప్పుల మీద గుగ్గిలం వేసింది. నేను ఆ గిన్నె పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. "ఏంటండీ, ఇంత భక్తి ఎప్పుడొచ్చింది?" అంది. చెప్పలేదు. నిప్పుల మీద కరుగుతున్న ఆ పలుకుల్ని చూస్తుంటే ఎస్తేరు ప్రశ్న వదలలేదు. ఆ చెట్టు ఎప్పట్నుంచి ఉంది?

ఆఫీసుకు వెళ్లగానే ఎస్తేరు స్నేహితురాలి ప్రొఫెసర్‌గారి నెంబరు సంపాదించి ఫోన్ చేశాను. నా రెండు పరీక్షలూ చెప్పాను. ఆయన అటు పక్క గట్టిగా నవ్వాడు.

"మీరు చదివింది ఐరోపా అంబర్ పుస్తకమండీ. అది వేరే చెట్టు. మన గుజరాత్ అంబర్‌కు తల్లి ఎవరనుకున్నారు? మీ గుగ్గిలం చెట్టు కుటుంబమే. ఐదు కోట్ల ఏళ్లనాటి గుగ్గిలం అది. ఆ వాసన రాకుండా ఏ వాసన వస్తుంది?"

"మరి క్లోరోఫాంకు కరిగింది కదండీ?"

"కరుగుతుంది. అదే దాని గొప్ప. కావాలంటే జిగురంతా కరిగించి లోపలి పురుగును పూర్తిగా బయటికి తీయొచ్చు. ఐరోపా వాళ్లకు ఆ భాగ్యం లేదు."

ఫోను పెట్టేశాను. వేరే దేశంలో పుట్టి పెరిగినవాడైతే ఈ తప్పు చేసేవాడు కాదు. వాడికి ఆ వాసన కొత్త, కాబట్టి ఆలోచించేవాడు. నాకు మరీ తెలిసిన వాసన కాబట్టి ఆలోచించలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. మనకు తెలియని పురుగు దగ్గర మనం జాగ్రత్తగానే ఉంటాం. బాగా తెలిసిందనుకున్న దాని దగ్గరే మోసపోతాం.

అయితే వాసన, కరగడం, ఇవి నకిలీ కాదని చెబుతాయి, అంతే. ఫలానా చీమ అని చెప్పవు. ఎస్తేరును పిలిచాను. ముఖం చూసి మాట్లాడడం కష్టమైంది. ప్రొఫెసర్‌గారి మాట చెప్పాను. తను ఆశ్చర్యపోలేదు.

"అది కొత్త జిగురైతే, లోపలి చీమ ఇప్పుడు ఎక్కడో ఒకచోట తిరుగుతూ ఉండాలిగా సార్. మీ పెట్టెలన్నీ ఎప్పుడో చూశాను. లేదండీ" అంది.

ఆ రోజూ, శనివారమూ ఇద్దరం మైక్రోస్కోపు దగ్గరే ఉన్నాం. నా పెట్టెల్లోని ప్రతి రకాన్నీ పక్కన పెట్టి చూశాం. ఆ చీమ దవడలు కొడవళ్లలా పొడవు. కళ్లు దవడల మొదళ్లకు ఆనుకుని ఉన్నాయి. నడుముకు రెండు కణుపులు. ఇవి విడివిడిగా బతికున్న చీమల్లో దొరుకుతాయి. మూడూ ఒకే ఒంట్లో నేను చూసిన ఏ చీమలోనూ, చదివిన ఏ చీమలోనూ లేవు. చివరి పెట్టె మూశాను. జీవితమంతా నేను పోగుచేసిన చీమలు ఆ రెండు రోజుల్లో చేసిన పని ఒకటే. "ఇది మాలో లేదు" అని సాక్ష్యం చెప్పడం. అంతకంటే గొప్ప పని వాటికి ఏం దొరుకుతుంది?

కమిటీ గది

సోమవారం మా హెడ్డు ముందే కాగితాలు మూసి కూర్చున్నాడు. "ఇందులో మాట్లాడేదేముంది? గైడే నకిలీ అన్నారు."

నేను లేచాను. "అన్నాను సార్. అన్నది తప్పు." గుగ్గిలం సంగతి, ఫోను సంగతి, నేను వాడిన పరీక్షలు ఈ అంబర్‌కు ఎందుకు పనికిరావో అన్నీ చెప్పాను.

"గురువారం ఒక మాట, సోమవారం ఒక మాట. మీ మాట ఏది నమ్మాలి మాష్టారూ?"

"నా మాట నమ్మొద్దండీ. చీమను చూడండి."

మైక్రోస్కోపు పక్క బల్ల మీద సిద్ధంగా ఉంచాం. ఆయన విసుగ్గానే వెళ్లి కన్ను పెట్టాడు. నాకు తెలుసు, ఎంత నోటి దురుసు మనిషైనా పురుగు ముందు నిజాయితీపరుడు. చాలాసేపు తల ఎత్తలేదు. ఫోకస్ తిప్పుతూ, తిప్పుతూ, "దీని దవడలేందయ్యా ఇట్టున్నయ్?" అన్నాడు. ఆ మాటలో హెడ్డు లేడు, అద్దంకి వైపు పల్లెలో పుట్టిన పిల్లవాడున్నాడు.

అనుమతి వచ్చింది, రెండు షరతులతో. రసాయన పరీక్ష బయటి సంస్థలో చేయించాలి. చీమను చీమల మీద లోకంలో పేరున్న నిపుణుడికి చూపించాలి. న్యాయమైన షరతులు. అవి నేను గురువారమే అడగాల్సినవి.

బయటికి వచ్చాక వరండాలో ఎస్తేరుతో అన్నాను. "అమ్మా, మీ ఇళ్లల్లో అని ఒక మాటన్నాను. అనకూడదు. క్షమించు."

"సార్, ముక్క నకిలీ అని హెడ్డుగారి ముందు అన్నారు, ఆయన ముందే సరిచేశారు. ఈ మాట సుబ్బారావుగారి ముందు, వాళ్లిద్దరి ముందు అన్నారు. ఇక్కడ వరండాలో చెబితే వాళ్లకెట్టా తెలుస్తదండీ?"

నాకు కోపం రాలేదంటే అబద్ధం. అరవై ఏళ్లకు దగ్గరపడ్డవాణ్ని. అయినా సాయంత్రం టీ తాగే వేళ ల్యాబుకు వెళ్లాను. సుబ్బారావు, ఆ ఇద్దరు స్కాలర్లు, ఎస్తేరు ఉన్నారు. గ్లాసు కింద పెట్టి, గురువారం అన్న మాటే మళ్లీ చెప్పి, అది అవమానమని, అన్నది నేనని, క్షమించమని అడిగాను. సుబ్బారావు ఇబ్బందిపడి, "ఊరుకోండి సార్, టీ చల్లారిద్ది" అన్నాడు. ఎస్తేరు మాత్రం, "సరేనండీ" అంది. ఊరుకోండి అనలేదు. అనకపోవడమే మర్యాద అనిపించింది.

వైవా

రసాయన పరీక్ష ఫలితం మా వైపే వచ్చింది. పాత జిగురే, గుగ్గిలం కుటుంబానిదే. నిపుణుడు ఫోటోలు చూసి, ముక్కను తెప్పించుకుని చూసి, బతికున్న ఏ చీమతోనూ కలవదని, ఎప్పుడో అంతరించిన జాతి అని రాశాడు. థీసిస్ పూర్తయ్యేసరికి నేను రిటైరయ్యాను. వైవాకు మాత్రం గైడుగానే వెళ్లాను.

హాలు నిండింది. వెనక వరసలో ఎస్తేరు తండ్రి తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకుని, సువార్త సభకు వచ్చినట్టు నిటారుగా కూర్చున్నాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మొదటి ప్రశ్నే సూటిగా వేశాడు. "ఇది కొత్త జిగురని మీలో ఎవరికీ అనుమానం రాలేదా?"

ఎస్తేరు నా వైపు చూడలేదు. "వచ్చిందండీ. మొదట మా గైడుగారికే అనుమానం వచ్చింది. అందుకే ఇన్ని పరీక్షలు చేయించాం" అంది.

ఎంత అందంగా కప్పింది నా తప్పును. ఊరుకుంటే సరిపోయేది. గైడు మధ్యలో మాట్లాడకూడదు కూడా. అయినా లేచాను.

"క్షమించాలండీ. నాది అనుమానం కాదు, తీర్పు. అనుమానమే వచ్చుంటే ఆ పరీక్షలు నేనే చేయించేవాణ్ని. అవి చేయించేదాకా తెచ్చింది ఈ అమ్మాయి ప్రశ్న."

హాల్లో ఎవరో దగ్గారు. ముందు వరసలో మా హెడ్డు వెనక్కి తిరిగి నన్నొకసారి చూసి మళ్లీ ముందుకు తిరిగాడు. పరీక్షకుడు చిన్నగా నవ్వి, "మంచిది, కూర్చోండి" అని ఎస్తేరు వైపు తిరిగాడు.

"ఇప్పుడు దవడల సంగతి చెప్పమ్మా."

ఎస్తేరు తెర మీద చీమను పెద్దది చేసి మొదలుపెట్టింది. ఆ దవడలు ఎంత వెడల్పున తెరుచుకుంటాయో, దేన్ని పట్టడానికి ఆ ఆకారం పనికొస్తుందో, కళ్లు అంత ముందుకు ఎందుకు జరిగి ఉంటాయో ఒక్కొక్కటే విప్పి చెప్పింది. కొన్ని నాతో ఎప్పుడూ చర్చించనివి. ఇన్నేళ్లలో ఆ హాల్లో చీమల గురించి ఎవరు ఏం మాట్లాడినా నాకు ముందే తెలిసి ఉండేది. ఆ రోజు తెలియనివి వింటున్నాను. జేబులోంచి పెన్ను తీసి, ఆహ్వానపత్రిక వెనక రాసుకోవడం మొదలుపెట్టాను.